స్టేజీ ముందా, సినిమా ముందా? లైబ్రరీలో సంగీత నాటకాలు ఎంచుకునే దారి

ఇంగ్లిష్ మ్యూజికల్ అయితే స్టేజీ రికార్డింగ్‌తో మొదలుపెట్టండి, సినిమా తర్వాత చూడొచ్చు. మన పద్య నాటకం అయితే ముందు సినిమా, ఆ తర్వాతే స్టేజీ. లైబ్రరీలో ఏది తీసుకోవాలని ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఇదే. రెండింటికీ ఒకే సలహా ఎందుకు కుదరదో, ఈ సలహా కూడా ఎక్కడెక్కడ పనిచెయ్యదో చెబుతాను.

యూట్యూబ్‌లో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ దాకా ఎందుకు అంటారా? పాట దొరుకుతుంది, నిజమే. అది నాటకంలో ఎక్కడ వస్తుంది, ఎవరు ఎవరితో అంటున్నారు, అంతకుముందు ఏం జరిగింది అన్నది దొరకదు. సంగీత నాటకంలో పాట అంటే సంభాషణే. ముందూ వెనకా తెలియకుండా వింటే ట్యూను గుర్తుంటుంది, కథ జారిపోతుంది. లైబ్రరీలో అయితే డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకం, అచ్చయిన నాటకం, ఆ కాలపు పత్రికల్లో వచ్చిన సమీక్షలు ఒకే బల్ల మీద పెట్టుకొని కూర్చోవచ్చు.

ఒకే నాటకం, నాలుగు అరలు

ఈ సంగతి ముందే తెలిస్తే చాలా తిరుగుడు తప్పుతుంది. లైబ్రరీలో మ్యూజికల్స్ అన్న అర విడిగా ఉండదు. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట నాటక సంగీతం, దాని స్వరలిపి పుస్తకాలు 782 దగ్గర ఉంటాయి. సినిమా పుస్తకాలు 791.43లో, రంగస్థలం గురించినవి 792లో. తెలుగు నాటకం అచ్చుప్రతి మాత్రం సాహిత్యం కిందికి వెళ్లి 894.827 దగ్గర ఉంటుంది. అంటే ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం ఒక అరలో, అందులో సత్యభామ వేసిన నటుడి జీవితం ఇంకో అరలో, అదే కథతో వచ్చిన సినిమా సంగతులు మూడో అరలో. సంగీతం అరలో వెతికి ఏమీ లేదనుకొని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది.

సీడీలు, డీవీడీలు ఉన్న చోట అవి అరల్లో కనిపించకపోవచ్చు. తరచు కౌంటర్ వెనక బీరువాలో ఉంటాయి. అడగాలి. అడిగేటప్పుడు నాటకం పేరుతో పాటు కవి ఇంటిపేరు కూడా చెప్పండి: బలిజేపల్లి, ముత్తరాజు, కాళ్లకూరి, చిలకమర్తి. లైబ్రరీ కేటలాగులోని తెలుగు కార్డుల్లో ఇంటిపేరే ముందుంటుంది. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఎక్కించి ఉంటే ‘హరిశ్చంద్ర’ లాంటి పేరును రెండు మూడు స్పెల్లింగులతో కొట్టి చూడాల్సిందే.

ఇంగ్లిష్ మ్యూజికల్‌కి స్టేజీ రికార్డింగ్ ఎందుకు ముందు

1943లో న్యూయార్క్‌లో ‘ఓక్లహోమా!’ నాటకం విజయవంతమయ్యాక డెక్కా కంపెనీ అదే నటులతో, అదే వాద్యబృందంతో పాటల్ని 78 ఆర్‌పీఎం రికార్డుల సెట్టుగా తెచ్చింది. అది బాగా అమ్ముడుపోయింది. 1948లో ఎల్పీ రికార్డు వచ్చాక పక్కకు ఇరవై నిమిషాలు దాటి పట్టే వీలు కలిగింది. అక్కణ్నుంచి పెద్ద నాటకం ఏది ఆడినా దాని ‘ఒరిజినల్ కాస్ట్’ ఆల్బమ్ రావడం మామూలైపోయింది. టికెట్ దొరకని మనిషి ఇంట్లో కూర్చొని కథంతా ఊహించుకునేలా ఈ ఆల్బమ్‌లను తయారుచేసేవారు. అందుకే పాటలు కథ వరసలోనే ఉంటాయి, మాట స్పష్టంగా వినపడుతుంది, వెనక కథా సంగ్రహం అచ్చయి ఉంటుంది. మనలాంటి దూరపు శ్రోతకు ఇంతకన్నా అనువైనది లేదు.

సినిమా అలా కాదు. కెమెరాకు నచ్చనిది తీసేస్తుంది, నచ్చినది కలుపుతుంది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న వాళ్లు చాలామందికి స్కూల్లోనే పరిచయమయ్యే ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’నే తీసుకోండి. 1959 నాటి స్టేజీ నాటకానికీ 1965 సినిమాకీ తేడాలు చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. స్టేజీ మీద ‘మై ఫేవరిట్ థింగ్స్’ పాటను కథానాయిక మరియా మఠంలో అక్కడి పెద్ద సన్యాసిని మదర్ ఆబెస్‌తో కలిసి పాడుతుంది. ఉరుముల రాత్రి పిల్లల భయం పోగొట్టడానికి పాడేది ‘ది లోన్లీ గోట్‌హెర్డ్’. సినిమాలో ఉరుముల రాత్రికి ‘మై ఫేవరిట్ థింగ్స్’ వచ్చింది, గోట్‌హెర్డ్ తోలుబొమ్మల ఆటలోకి వెళ్లింది. ‘ఐ హావ్ కాన్ఫిడెన్స్’, ‘సమ్‌థింగ్ గుడ్’ అసలు నాటకంలో లేవు. పాటల రచయిత హామర్‌స్టీన్ 1960లో చనిపోవడంతో ఆ రెండింటికీ మాటలు కూడా సంగీత దర్శకుడు రోజర్స్ రాసుకున్నాడు.

తీసేసినవి ఇంకా ముఖ్యం. పిల్లల తండ్రి కెప్టెన్ స్నేహితుడు మాక్స్, ఆయన పెళ్లాడాలనుకున్న ఎల్సా పాడే రెండు పాటలు సినిమాలో లేవు. వాటిలో ఒకటి ‘నో వే టు స్టాప్ ఇట్’. నాజీలు వస్తున్నారు, మనం ఆపలేం, సర్దుకుపోదాం అని వాళ్లు కెప్టెన్‌కి నచ్చజెప్పే పాట అది. ఎల్సాతో పెళ్లి ఎందుకు తప్పిపోయిందో ఆ పాట వింటే తెలుస్తుంది. సినిమాలో అది మరియా అందం, ఎల్సా అసూయల వ్యవహారంగా మిగిలింది. కొండలూ పిల్లలూ కావాలంటే సినిమా. ఆస్ట్రియా ఎలా లొంగిపోయిందో కూడా తెలియాలంటే నలభై దాటిన మేరీ మార్టిన్ మరియాగా పాడిన స్టేజీ ఆల్బమ్ వినాలి. గొంతు విషయంలో జూలీ ఆండ్రూస్‌కే నా ఓటు. నాటకం విషయంలో మాత్రం స్టేజీదే పైచేయి.

అదే జూలీ ఆండ్రూస్ 1956లో ‘మై ఫెయిర్ లేడీ’ స్టేజీ మీద నాయిక ఎలైజా. 1964 సినిమాకు ఆమెను కాదని ఆడ్రీ హెప్‌బర్న్‌ను పెట్టుకొని, పాటల్లో ఎక్కువ భాగం మార్నీ నిక్సన్ చేత పాడించారు. 1961 ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కు పాడింది కూడా మార్నీ నిక్సనే. హాలీవుడ్‌లో ఇది గుట్టుగా చేసే పని. తెర మీద ఆమె పేరు కూడా వెయ్యలేదు. సుశీల, ఘంటసాల పేర్లు చూసి రికార్డు కొనే మనకు ఇది వింతగా ఉంటుంది. ‘మై ఫెయిర్ లేడీ’ స్టేజీ రికార్డుల్లో మళ్లీ రెండున్నాయి: 1956 న్యూయార్క్‌ది మోనో, 1959 లండన్‌ది స్టీరియో. ముఖ్య నటులు వాళ్లే. ధ్వని లండన్‌ది మెరుగు, ఊపు న్యూయార్క్‌ది ఎక్కువ. ఏది దొరికితే అది తీసుకోండి. దీని గురించి మథనపడక్కర్లేదు.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి రెండూ వినమంటాను. స్టేజీ మీద ‘అమెరికా’ పాట అమ్మాయిల మధ్య వాదన. సినిమాలో అమ్మాయిలకూ అబ్బాయిలకూ మధ్య పోటీ అయింది, పదును పెరిగింది. ‘కూల్’, ‘ఆఫీసర్ క్రప్కీ’ పాటల చోట్లు కూడా సినిమాలో తారుమారయ్యాయి. హత్యలు జరిగిన తర్వాత హాస్యపు పాట రావడం బాగుండదని సినిమావాళ్లు అనుకున్నట్టుంది. నాకైతే సినిమా వరసే నచ్చుతుంది.

‘కాబరే’ విషయంలో నా సలహా పనిచెయ్యదు. 1966 నాటకం, 1972 సినిమా పేరుకే ఒకటి. దర్శకుడు బాబ్ ఫాసీ మామూలు సన్నివేశాల్లో పాత్రలు పాడుకునే పాటలన్నీ తీసేసి, క్లబ్బు వేదిక మీద పాడేవీ, బయట బీర్ గార్డెన్‌లో ఒక యువకుడు మొదలుపెట్టే పాటా మాత్రం ఉంచాడు. రెండూ గొప్పవే. ఒకటి విని రెండోది తెలుసనుకోకూడదు.

పుట్టుక ఎక్కడో చూసుకోవడం మంచి అలవాటు. ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ 1952లో సినిమాగా పుట్టి ఎనభైల్లో స్టేజీకి ఎక్కింది, కాబట్టి సినిమాయే ముందు. ‘ది లయన్ కింగ్’ కూడా అంతే: 1994 సినిమా, 1997 నాటకం. ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ రెండూ కాదు. 1970లో రికార్డుగా వచ్చింది, మరుసటి ఏడు స్టేజీ, 1973లో సినిమా. దానికి మొదటి డబుల్ ఎల్పీయే మూలం. ‘లే మిజరాబ్ల్’కి 2012 సినిమాలో నటులు షూటింగ్‌లోనే పాడారు. ఏడుపు నిజంగా వినపడుతుంది, పాట మాత్రం అక్కడక్కడా నలిగింది. పాట కావాలంటే 1995లో లండన్ ఆల్బర్ట్ హాల్లో జరిగిన పదో వార్షికోత్సవ కచేరీ తీసుకోండి. ‘హామిల్టన్’కి ఈ తంటా లేదు. నాటకం దాదాపు మొత్తం పాటే కావడంతో 2015 ఆల్బమ్ వింటే చిన్న సన్నివేశం ఒక్కటి తప్ప కథంతా విన్నట్టే. దానికి రెండు గంటల పైన టైము పడుతుంది, అంతే.

డిస్కు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. ‘ఒరిజినల్ బ్రాడ్‌వే కాస్ట్’, ‘లండన్ కాస్ట్’, ‘రివైవల్ కాస్ట్’ అంటే నాటకం ఆడినవాళ్లు పాడినవి. ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ అంటే సినిమాది. ‘స్టూడియో కాస్ట్’ అంటే ఎప్పుడూ కలిసి నాటకం వెయ్యని గాయకుల్ని పోగేసి రికార్డు చేసినది. కొన్ని బాగుంటాయి, కొన్ని ప్రాణం లేకుండా ఉంటాయి. ‘హైలైట్స్’ అని ఉంటే మాత్రం వదిలేయండి. కథ వరస తెగిపోతే ఇంత కష్టపడి లైబ్రరీకి వచ్చిన ఫలితం ఉండదు.

పద్య నాటకానికి సినిమా ఎందుకు ముందు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. యుద్ధంలో సాయం కోరి అర్జునుడు, దుర్యోధనుడు పడుకున్న కృష్ణుడి దగ్గరికి వచ్చే ‘పడక సీను’ తొంభై నిమిషాల క్యాసెట్‌ను పాతికేళ్ల కుర్రాడి చేతిలో పెడితే మొదటి పద్యం సగంలోనే పారిపోతాడు. తప్పు అతనిది కాదు. మన స్టేజీ పద్యం ఎదురుగా కూర్చున్న జనం కోసం పుట్టింది. నాలుగో పాదం చివర రాగం తియ్యడం, హార్మోనియంతో పోటీ, జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ మొదటి నుంచీ అందుకోవడం. అక్కడ కూర్చుంటే ఒళ్లు పులకరిస్తుంది. చెవికి అలవాటు లేని మనిషి గదిలో ఒంటరిగా వింటే మాట ఎక్కడ తెగిందో, ఎక్కడ కలిసిందో తెలియక తికమక పడతాడు.

ఘంటసాల సినిమా పద్యం ఈ ఇబ్బందిని తీర్చింది. మాట విరగదు, అర్థం ముందు చెవిన పడుతుంది, రాగం ఎంత కావాలో అంతే. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు తెలియాలంటే 1967 ‘శ్రీకృష్ణావతారం’ సినిమాతో మొదలుపెట్టండి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’, ‘చెల్లియో చెల్లకో’, ‘జెండాపై కపిరాజు’ అన్నీ అందులో ఉన్నాయి. రెండుసార్లు వింటే నోటికి వచ్చేస్తాయి. నోటికి వచ్చిన పద్యాన్ని స్టేజీ నటుడు ఎంత సాగదీసినా మనం దారి తప్పం. అప్పుడు ఆ సాగదీతలో అందం కనపడటం మొదలవుతుంది.

సినిమాతో మొదలుపెట్టడం రంగస్థలానికి అన్యాయం చెయ్యడమేమీ కాదు. తెలుగు టాకీ పుట్టిందే నాటకంలోంచి. 1932 ‘భక్త ప్రహ్లాద’లో స్టేజీ నటి సురభి కమలాబాయి లీలావతి వేసింది. ‘మాయాబజార్’లో మాధవపెద్ది సత్యం పాడిన ‘వివాహ భోజనంబు’ కూడా సినిమాకన్నా ముందే స్టేజీ మీద ఉంది. ‘మీరజాలగలడా నా యానతి’ అంటే స్థానం నరసింహారావు సత్యభామగా స్టేజీని ఏలిన పాట. 1966 ‘శ్రీకృష్ణ తులాభారం’లో జమున మీద సుశీల గొంతుతో మళ్లీ వచ్చింది. ఈ ఒక్క పాటను సుశీల గొంతులో విని, తర్వాత ఎక్కడైనా స్థానం వారి పాత రికార్డు సంపాదించి వినండి. మగ గొంతులో సత్యభామ అహంకారం మొదట విచిత్రంగా అనిపిస్తుంది. రెండోసారికి ఆ విచిత్రం పోతుంది. 1956లో పద్మశ్రీ ఊరికే ఇవ్వలేదని తెలుస్తుంది.

సినిమా తర్వాత మెట్టు పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి తీసిన కాపీలు. ఇవి స్టేజీవే అయినా పొట్టివి. పది అంగుళాల రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లరే పడుతుంది. ఎంత పెద్ద నటుడైనా ఆ మూడు నిమిషాల్లో పద్యం ముగించాల్సిందే. అందుకే వాటిలో రాగం బిగువుగా ఉంటుంది. గరగర శబ్దం భరించగలిగితే పాత నటుల అసలు పట్టు వీటిలోనే తెలుస్తుంది. తర్వాత కాలంలో వచ్చిన క్యాసెట్లలో, ఇప్పటి వీడియోల్లో టైము కట్టడి లేకపోవడంతో పద్యం ఎంత దూరమైనా వెళ్తుంది. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుల్ని పోల్చుకోవడం, ఈలపాట రఘురామయ్య ఈల ఎక్కడ వేస్తాడా అని ఎదురుచూడటం ఆ మెట్టు మీద ఆనందాలు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేరువేరు నటులు కావడం మనవాళ్లకు మామూలు. కొత్తవాళ్లకు ముందే చెప్పకపోతే కంగారు పడతారు.

సినిమాల్లో కూడా రెండు రకాలున్నాయి. పాటలు మాత్రమే ఉన్న ఆల్బమ్ ఒకటి, మాటలూ పాటలూ కలిపి సినిమా కథంతా చెప్పే రికార్డు లేదా క్యాసెట్ మరొకటి. రేడియోలో ‘సంక్షిప్త శబ్ద చిత్రం’ వినే రోజులు గుర్తున్నవాళ్లకు రెండోదాని రుచి తెలుసు. పౌరాణికాలకు రెండోదే తీసుకోండి. ఎస్వీ రంగారావు మాట లేకుండా పద్యం ఒక్కటే వింటే సగమే. ‘మాయాబజార్’ వీడియో తీసుకుంటే 1957 నాటి నలుపు తెలుపుదే అడగండి. 2010లో రంగులద్ది విడుదల చేసినది నిడివి తగ్గించిన ప్రతి.

హైదరాబాద్ కాబట్టి ఇంకో మాట. ఉర్దూ వచ్చినవాళ్లకు ‘ఇందర్ సభ’ ఉంది. లక్నో ఆస్థానం రోజుల్లో అమానత్ రాసిన ఈ గేయ నాటకాన్ని 1932లో సినిమాగా తీసినప్పుడు అందులో డెబ్భైకి పైగా పాటలు పెట్టారు. దాన్ని పుస్తకంగా చదువుకోవడమే దారి.

అచ్చు ప్రతి, పాటల పుస్తకం, స్టేజీ ప్రతి

రికార్డింగ్ దొరకనప్పుడు పుస్తకమే గతి అనుకుంటారు. నిజానికి రికార్డింగ్ దొరికినా పుస్తకం కావాలి, ఎందుకంటే మన స్టేజీ మీద ఆడేది, అచ్చులో ఉన్నది ఒకటి కావు. ‘హరిశ్చంద్ర’ కాటి సీను తలచుకోగానే అందరికీ గుర్తొచ్చేవి ‘ఇచ్చోటనే’ అంటూ మొదలయ్యే పద్యాలు. అవి బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలో వెతికితే దొరకవు. జాషువా ‘శ్మశానవాటి’ కవితలోవి. నటులు తెచ్చి నాటకంలో పెట్టారు, జనం కాదనలేదు. ఇప్పుడు అవి లేకుండా కాటి సీను వేస్తే ఒప్పుకోరు. కాబట్టి ఈ నాటకానికి 894.827 దగ్గర రెండు పుస్తకాలు తియ్యాలి: బలిజేపల్లి ఒకటి, జాషువా ఖండకావ్యాలు ఒకటి.

ఇలా చేరినవన్నీ మంచివే అని చెప్పలేం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనల్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదులే కారణం. కాళ్లకూరి నారాయణరావు ఆ నాటకం రాసింది వేశ్యా వ్యసనాన్ని ఎండగట్టడానికి. దశాబ్దాలుగా ఊళ్లలో ఆడుతూ ఆడుతూ దానికి అతికిన మోటు హాస్యం ఎంతో, అసలు పుస్తకం చదివితే గానీ తెలియదు. ‘చింతామణి’ విషయంలో వీడియోల జోలికి పోకుండా పుస్తకంతోనే మొదలుపెట్టమంటాను.

సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు ఇంకో రకం. పాటలు, నటీనటుల పేర్లు, కథ సగం చెప్పి ‘మిగతాది తెరపై చూడండి’ అనే ముగింపు. పాట మాట సరిచూసుకోవడానికి బాగానే ఉంటాయి. అచ్చుతప్పులు మెండు కాబట్టి పూర్తిగా నమ్మొద్దు. లైబ్రరీలు వీటిని పుస్తకాలుగా లెక్కపెట్టక భద్రపరచలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే అవకాశం ఎక్కువ.

పాడాలనుకుంటే

వినడానికి కాదు, పాడటానికి అంటే ఎంపిక మారుతుంది. ఇంగ్లిష్ మ్యూజికల్‌కి ‘వోకల్ స్కోర్’ అనీ ‘వోకల్ సెలెక్షన్స్’ అనీ రెండు రకాల పుస్తకాలు వస్తాయి. మొదటిదాంట్లో నాటకంలోని సంగీతమంతా, బృందగానాలతో సహా, నటులు పాడే శ్రుతిలో పియానోకి కుదించి ఉంటుంది. రెండోదాంట్లో పేరున్న పాటలు పదో పన్నెండో, ఇంట్లో పాడుకోవడానికి వీలుగా ఉంటాయి, కొన్నిసార్లు శ్రుతి మార్చి. కాలేజీలో నాటకం వెయ్యాలంటే మొదటిది, సరదాకి అయితే రెండోది. మొదటిది తీసుకొని పియానో రాక నెలంతా ఇంట్లో ఉంచుకొని తిరిగి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

పద్యాలకు ఇలాంటి స్వరలిపి ఆశించకండి. గురువు గొంతు, హార్మోనియం, లేదంటే రికార్డింగ్. కానీ ఛందస్సు తెలిస్తే సగం పని అయిపోతుంది. ‘జెండాపై కపిరాజు’ శార్దూలం: పాదానికి 19 అక్షరాలు, పదమూడో అక్షరం దగ్గర యతి. ‘చెల్లియో చెల్లకో’ ఉత్పలమాల: 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. పుస్తకం ముందు పెట్టుకొని యతి దగ్గర పెన్సిల్ గీత గీసి (జిరాక్స్ మీద సుమా, లైబ్రరీ పుస్తకం మీద కాదు) ఘంటసాలను వినండి. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, మాట ఎక్కడ ఆపాడో చూసుకోండి. ఆ తర్వాత ఒక స్టేజీ నటుడిని వినండి. అదే పద్యం, అదే యతి, ఊపిరి మాత్రం ఇంకోచోట.

నగరంలో ఎక్కడ

హైదరాబాద్ లైబ్రరీల్లో సంగీతం అంటే ఇప్పటికీ ఎక్కువగా పుస్తకమే. డిస్కుల మీద పెద్ద ఆశ పెట్టుకోకుండా వెళ్తే నిరాశ ఉండదు. మంచి సంగతి ఏమిటంటే మూడు ముఖ్యమైన లైబ్రరీలు మెట్రో గ్రీన్ లైన్ మీదే ఉన్నాయి. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. గ్రూప్స్‌కు చదివేవాళ్లతో కిటకిటలాడుతుంది, పొద్దున్నే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. పాత తెలుగు నాటకాల కోసం నేనైతే ముందు ఇక్కడికే వెళ్తాను. చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లో దిగితే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, 1891లో ఆసఫియా పేరుతో పెట్టినది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఒకే కప్పు కింద కావాలంటే ఇదే. పాత పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే చదువుకోవాలి. నోట్సు, పెన్సిల్ తీసుకెళ్లండి.

నాటక కళను చదువుగా తీసుకున్నవాళ్లకు వేరే దారి ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖలున్నాయి. అక్కడి లైబ్రరీల్లోకి బయటివాళ్లను ఏ షరతుల మీద రానిస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. పాత పత్రికల్లో నాటక సమీక్షలు కావాలంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఇల్లు కదలలేనివాళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు అక్షరాలతో కాకుండా ఇంగ్లిష్ స్పెల్లింగుతో వెతికితే స్కాన్ చేసిన పాత నాటకాలు చాలా దొరుకుతాయి. పేజీలు అక్కడక్కడా తప్పిపోయి ఉంటాయి, ఓర్చుకోవాలి.

ఎవరికి ఏది

పిల్లలకు ఒక్కటే తీసుకెళ్లాలంటే 1963 ‘లవకుశ’. పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. కథలో పెద్ద భాగాన్ని లీల, సుశీల గొంతుల్లో లవకుశులే పాడి చెబుతారు. తెలుగులో మ్యూజికల్ అనదగ్గ సినిమా ఒక్కటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. ఇంగ్లిష్‌లో పిల్లలకు ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమానే ముందు చూపించండి. పైన అన్ని తేడాలు చెప్పినా పదేళ్ల పిల్లకు నాజీ రాజకీయం అక్కర్లేదు.

రెహమాన్ పాటలు విని పెరిగి, ఇంగ్లిష్ స్టేజీ మ్యూజికల్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు 2002 లండన్ నాటకం ‘బాంబే డ్రీమ్స్’ ఆల్బమ్ తేలిక. ‘ఛయ్య ఛయ్య’ లాంటి తెలిసిన బాణీలు వినపడుతుంటే కథను పట్టుకోవడం కష్టమనిపించదు. గొప్ప నాటకం అని మాత్రం చెప్పను.

అరవై దాటిన అమ్మానాన్నల కోసం అయితే మీరు ఎంచే పని పెట్టుకోకండి. వాళ్లనే అడగండి. ఏ ఊళ్లో ఏ నటుడి ‘రాయబారం సీను’ చూశారో చెబుతారు, ఆ పేరు పట్టుకొని వెతకండి.

రీసెర్చి విద్యార్థి అయితే పుస్తకం, 78 కాపీ, సినిమా, వీడియో నాలుగూ ఒకే సన్నివేశానికి తీసుకొని పక్కపక్కన పెట్టుకోండి. నాటకమంతా అక్కర్లేదు. పడక సీను ఒక్కటి చాలు, చిన్న వ్యాసానికి సరిపడా తేడాలు దొరుకుతాయి.

ఇవేవీ కాదు, ఒక సాయంత్రం ఖాళీ ఉంది, సంగీత నాటకం అంటే ఏమిటో చూడాలి అంటే లైబ్రరీ పక్కన పెట్టి సురభి నాటకానికి వెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాల వారసులు ఇప్పుడు శేరిలింగంపల్లిలో ఉంటున్నారు. రవీంద్రభారతిలో వాళ్ల ‘మాయాబజార్’ పడినప్పుడు వదలొద్దు. వెళ్లేముందు 1957 సినిమా ఒకసారి చూసి వెళ్లండి. పిల్లలు ఉంటే కాస్త ముందుగా వెళ్లి, వేదిక మొత్తం కనిపించేలా మధ్య వరసల్లో కూర్చోండి. మరీ ముందు కూర్చుంటే తీగలు కనిపించి ఘటోత్కచుడి మాయ తేలిపోతుంది.

చివరగా, విదేశీ డీవీడీ ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. అట్ట వెనక రీజియన్ నంబర్ చూడండి. మన దేశానిది 5. అమెరికా డిస్కుల మీద 1 ఉంటుంది, అవి మన మామూలు ప్లేయర్లలో ఆడవు. 0 అనో ‘ఆల్’ అనో ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. సీడీలకు ఈ గొడవ లేదు.